కుట్లు వేసి పంపితే సరిపోదు: ఆసుపత్రి, వీధి కలిసి కుర్రాళ్ల కొట్లాటలను ఆపడం ఎలా

రాత్రి పదకొండు దాటాక క్యాజువాలిటీకి ఒక కుర్రాడు వస్తాడు. పంతొమ్మిదేళ్లుంటాయి. కుడి చెయ్యి వాచిపోయి ఉంటుంది. ఏమైందని అడిగితే "బండి మీంచి పడినా సార్" అంటాడు. బండి మీంచి పడినవాడికి అరచేతులు, మోకాళ్లు గీసుకుపోవాలి. ఇతని అరచెయ్యి శుభ్రంగా ఉంది. విరిగింది చిటికెన వేలి మెటిక వెనక ఎముక. ఎముకల డాక్టర్లు దాన్ని బాక్సర్స్ ఫ్రాక్చర్ అంటారు. పిడికిలి బిగించి గట్టిగా గుద్దితే విరిగే చోటు అది.

డ్యూటీ డాక్టర్‌కి విషయం అర్థమవుతుంది. కట్టు కడతారు, ఎమ్మెల్సీ (పోలీసు కేసు కోసం రాసే మెడికో లీగల్ కాగితం) రాస్తారు, పోలీసు అవుట్‌పోస్టుకు ఇంటిమేషన్ వెళ్తుంది. వైద్యం పూర్తయింది. కానీ బయట మెట్ల దగ్గర నలుగురు స్నేహితులు ఫోన్లు పట్టుకుని నిలబడి ఉన్నారు. వాళ్లకు కావాల్సింది ఒకటే: "వాడు ఇప్పుడు యాడుండాడు?" మరుసటి రాత్రి అదే క్యాజువాలిటీకి ఇంకో కుర్రాడు వస్తే ఎవరూ ఆశ్చర్యపోరు.

ఆ మంచానికీ ఆ మెట్లకూ మధ్య తిరిగే మనిషి మన ఆసుపత్రుల్లో లేడు. ఆ మనిషిని ఎలా పెట్టుకోవాలి, అతని వెనక ఎవరెవరు నిలబడాలి, వీధిలో ఏం చేయాలి అన్నదే ఈ వ్యాసం. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఈ పని మొదలుపెట్టాలనుకునే డాక్టర్లు, నర్సులు, స్వచ్ఛంద సంస్థలవాళ్లు, వార్డు పెద్దల కోసం రాస్తున్నాను. నేను కొన్నేళ్లు కౌన్సెలర్‌గా పనిచేసినదాన్ని. ఇందులో చాలావరకు ఆ అనుభవమే.

పద్ధతి కొత్తదేమీ కాదు. అమెరికాలోని ఓక్లాండ్‌లో 1994లోనే దెబ్బలు తగిలి వచ్చిన కుర్రాళ్ల మంచం దగ్గరికి, అదే పేటల్లో పెరిగిన పెద్దవాళ్లను పంపడం మొదలుపెట్టారు. బాల్టిమోర్‌లో 1998లో కార్నెల్ కూపర్ అనే సర్జన్, తాను ఆపరేషన్ చేసి పంపినవాళ్లే మళ్లీ గాయాలతో తిరిగి రావడం చూసి ఇలాంటి కార్యక్రమం పెట్టారు. స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో 2015 నుంచి ఎమర్జెన్సీ విభాగంలో ఇదే పని చేసే 'నావిగేటర్లు' ఉన్నారు. అక్కడ ఎక్కువగా తుపాకులు, కత్తులు. మన దగ్గర బీరు సీసా, క్రికెట్ బ్యాటు, బైక్ చైన్, అప్పుడప్పుడు కత్తి. కానీ దెబ్బ తిన్న రాత్రి కుర్రాడి మనసు ఎలా ఉంటుందన్నది ఏ ఊళ్లోనైనా ఒకటే. భయం, అవమానం, కోపం కలిసి ఉంటాయి. ఆ కొద్ది గంటల్లో ఎవరైనా పక్కన కూర్చుంటే వింటాడు. వారం దాటితే వినడు.

1. ముందు ఐదుగురిని కూర్చోబెట్టండి

ప్రారంభోత్సవం, బ్యానరు, ఫొటో, ఇవన్నీ తర్వాత. ముందు ఒక గదిలో ఐదుగురు కావాలి. సూపరింటెండెంట్ తరఫున ఆర్ఎంవో (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్), క్యాజువాలిటీలో ఎక్కువ రాత్రులు చూసిన ఒక స్టాఫ్ నర్సు, సైకియాట్రీ విభాగం నుంచి ఒకరు, జిల్లా బాలల సంరక్షణ విభాగం నుంచి ఒకరు, వీధుల్లో నిజంగా తిరిగే సంస్థ నుంచి ఒకరు. తిరుపతి రుయాలాంటి బోధనాసుపత్రిలో అయితే మెడికల్ కాలేజీ కమ్యూనిటీ మెడిసిన్ విభాగాన్నీ కలుపుకోండి. సర్వేలు చేయడం, వార్డుల్లో తిరగడం వాళ్లకు అలవాటు. చిత్తూరు జిల్లా ఆసుపత్రిలాంటి చోట మనుషులు తక్కువ ఉంటారు కాబట్టి నర్సింగ్ సూపరింటెండెంట్‌నే కేంద్రంగా పెట్టుకోవడం మేలు.

నర్సును వదిలేయకండి. ఏ కుర్రాడు మూడోసారి వచ్చాడో, ఎవడి వెంట ఎవరు వస్తారో డాక్టర్లకంటే ముందు సిస్టర్లకు తెలుస్తుంది.

ఇంకో మాట. 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లా అయింది. ఆసుపత్రికి మాత్రం రెండు జిల్లాల వాళ్లూ వస్తారు. అందుకే బాలల సంక్షేమ కమిటీ, సఖి కేంద్రం (హింసకు గురైన మహిళలకు సాయం చేసేది), డీఅడిక్షన్ సెంటర్ ఫోన్ నంబర్లు రెండు జిల్లాలవీ ఒకే కాగితం మీద రాసి క్యాజువాలిటీ గోడకు అంటించండి.

2. గీత ఎక్కడో ముందే రాసుకోండి

ఈ పని చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే. కౌన్సెలర్‌తో చెప్పిన మాట పోలీసు దాకా పోతుందని ఒక్క కుర్రాడికి అనుమానం వచ్చినా, వారం తిరిగేసరికి వీధంతా నోరు మూసుకుంటుంది. అందుకే ఆసుపత్రి, సంస్థ కలిసి ఒక పేజీ ఒప్పందం రాసుకోవాలి. నాలుగు విషయాలు చాలు.

ఎమ్మెల్సీ డాక్టర్ పని, అది మామూలుగా జరుగుతుంది, మన మనిషి అందులో వేలు పెట్టడు. వైద్యం ముందు, కేసు కాగితాలు తర్వాత. పరమానంద్ కటారా కేసులో 1989లో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. కాబట్టి "పోలీసులు వచ్చాకే కట్టు" అని ఎవరన్నా అంటే అక్కడే అడ్డుపడాలి. మన మనిషి తన పుస్తకంలో ఎవరు ఎవర్ని కొట్టారో రాసుకోడు. కుర్రాడి అవసరం మాత్రమే రాసుకుంటాడు.

నాలుగోది, దాచలేని విషయాలు. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం చెప్పి తీరాలి. ఫలానా వాళ్లను ఈ రాత్రే నరుకుతానని ఒకడు నిజంగా సిద్ధమవుతుంటే అదీ దాచకూడదు. ఈ రెండింటి సంగతి మాటలు మొదలుపెట్టే ముందే కుర్రాడికి చెప్పండి: "నువ్వు చెప్పేది నా దగ్గరే ఉంటుంది. ఈ రెండు మాత్రం నేను దాచలేను." ముందే చెబితే అర్థం చేసుకుంటాడు. తర్వాత తెలిస్తే మోసం అనుకుంటాడు.

పద్దెనిమిది లోపు వాళ్ల పేరు, ఫొటో, స్కూలు బయటపెట్టడం బాలల న్యాయ చట్టం 2015లోని 74వ సెక్షన్ కింద నేరం. సంస్థల ఫేస్‌బుక్ పేజీల్లో 'మేం కాపాడిన బాలుడు' అని ఫొటోలు పెట్టే అలవాటు ఉన్నవాళ్లను ఈ పనికి దూరంగా ఉంచండి.

3. మనిషిని ఎంచుకోవడం

మొత్తం కార్యక్రమం ఈ ఒక్కరి మీద నిలబడుతుంది కాబట్టి తొందరపడకండి. డిగ్రీ చూసి తీసుకుంటే సగంసార్లు తప్పుతుంది. పార్టీ జెండా పట్టినవాడు వద్దు. కులసంఘం నాయకుడు వద్దు. రిటైర్డ్ పోలీసు ఎంత మంచివాడైనా వద్దు, కుర్రాళ్లు నడక చూసే గుర్తుపడతారు.

ఎలాంటివాళ్లు పనికొస్తారు? ఆ వీధుల్లో పెరిగి, ఒకప్పుడు తానూ గొడవల్లో తిరిగి, బయటపడి, ఇప్పుడు నిలకడగా ఒక పని చేసుకుంటున్నవాళ్లు. ఆటో నడిపే ముప్పై ఐదేళ్ల అన్న, కబడ్డీ కోచ్, జిమ్ నడిపే మనిషి, మెడికల్ షాపులో పదేళ్లుగా ఉన్నవాడు. నడుస్తున్న కేసు మీద ఉన్నవాళ్లను తీసుకోకండి. పాత కేసు కొట్టుడుపోయి ఏళ్లు గడిచినవాళ్లను మాత్రం ఆ ఒక్క కారణానికి తోసిపుచ్చకండి. చిత్తూరు, నగరి, పుత్తూరు వైపు అయితే తమిళం కూడా వచ్చి ఉండాలి. కోపంలో కుర్రాళ్లు ఇంటి భాషలోకి పోతారు.

ఒక మహిళా కార్యకర్త తప్పనిసరి. అమ్మాయిలు కూడా దెబ్బలతో వస్తారు. ప్రేమ పేరుతో వెంటపడినవాడు కొట్టినా, ఇంట్లో అన్న కొట్టినా వాళ్లు మగ కౌన్సెలర్‌తో మాట్లాడరు. వాళ్లకు దారి వేరు: మహిళా హెల్ప్‌లైన్ 181, సఖి కేంద్రం, అవసరమైతే ఆ రాత్రికే వేరే చోట పడక.

జీతం ఇవ్వండి. 'సేవ' అని ఉచితంగా చేయించుకుంటే మూడో నెలకు రాత్రి డ్యూటీకి రావడం మానేస్తారు. అది వాళ్ల తప్పు కాదు. రాత్రి తొమ్మిది నుంచి మూడు దాకా, అందులోనూ శుక్ర, శని, ఆదివారాల్లో మనిషి ఉండాలి. పగటి పది గంటలకు వచ్చి ఐదింటికి పోయే కౌన్సెలర్‌కి ఈ పిల్లలు అసలు కనబడరు.

తిరుపతి యూనివర్సిటీల ఊరు. ఎమ్మెస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) చదివే పిల్లలు ఫీల్డ్‌వర్క్ కోసం చూస్తుంటారు. ఫాలోఅప్ ఫోన్లకు, ఇంటి సందర్శనలకు తోడుగా తీసుకోండి. మంచం పక్కన మొదటి రాత్రికి మాత్రం వాళ్లను ఒంటరిగా పంపకండి.

4. మంచం పక్కన మొదటి పావుగంట

నొప్పి తగ్గే ఇంజెక్షన్ పడ్డాక, కుట్లకు ముందో తర్వాతో వెళ్లండి. డాక్టర్ చేతుల్లో ఉన్నప్పుడు అడ్డం పోకండి. ఖాళీ చేతులతో వెళ్లకండి, ఒక నీళ్ల సీసా తీసుకెళ్లండి. తాగొచ్చో లేదో సిస్టర్‌ని అడిగాకే ఇవ్వండి. ఫోన్ చార్జర్ కూడా ఉంటే ఇంకా మంచిది. నిలబడి మాట్లాడకండి, స్టూలు లాక్కుని అతని కళ్లకు సమానంగా కూర్చోండి.

"ఏం జరిగింది?" అని మొదలుపెట్టకండి. ఆ ప్రశ్న అప్పటికి ముగ్గురు అడిగేసి ఉంటారు. ఇలా మొదలుపెట్టొచ్చు:

"ఏం నాయనా, నొప్పి తగ్గిందా?"

"కొంచెం తగ్గింది నా."

"నేను పోలీసును కాదు, డాక్టర్నీ కాదు. ఈ వీధులే మనవి కూడా. ఇంట్లో ఎవరికి చెప్పినావు?"

"అమ్మకు చెప్పొద్దు నా. బీపీ ఉంది."

ఇక్కడ ఆగండి. కుర్రాడు తన గురించి కాక అమ్మ గురించి మాట్లాడాడు. దాన్ని పట్టుకోండి. ఆమెకు ఎలా చెప్పాలో ఇద్దరూ కలిసి ఆలోచించండి. అక్కడే నమ్మకం మొదలవుతుంది. తర్వాతే అసలు ప్రశ్న, అదీ సూటిగా: "నీకు గానీ, బయట ఉన్నవాళ్లకు గానీ తిరిగి కొట్టాలని ఉందా?" అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. కాదు. అది అప్పటికే అతని తలలో తిరుగుతోంది. పైకి చెప్పుకున్నాక సగం బరువు దిగుతుంది.

మూడో ప్రశ్న: "ఈ రాత్రి ఎక్కడ పడుకుంటావు?" కొట్టినవాళ్లు అదే వీధిలో ఉంటే రేణిగుంటలో మేనమామ ఇల్లో, చంద్రగిరిలో పిన్ని ఇల్లో రెండు రోజులు మేలు. అమ్మ పుట్టింటివైపు బంధువులు మన దగ్గర పెద్ద బలం, వాడుకోండి.

నాలుగోది ఫోన్. గాయం ఫొటో, రక్తం మరకల చొక్కా, కింద ఒక సవాలు మాటతో స్టేటస్ పెట్టేసి ఉంటాడు. అది అవతలివాళ్ల చేతుల్లోకి చేరేలోపు "ఇది తీసేద్దామా?" అని మెల్లగా అడగండి. మీరు లాక్కుని తీయకండి. అతని వేలితోనే తీయించండి.

నేను మొదట్లో చేసిన తప్పు ఒకటి చెప్పాలి. ఒక ఇంటర్ పిల్లవాడిని వాళ్ల నాన్న ఎదుటే గొడవ గురించి అడిగాను. ఆయన అక్కడికక్కడే చెంప మీద కొట్టాడు. పిల్లవాడు కట్టు సగంలో ఉండగానే లేచి, డాక్టర్ వద్దన్నా వెళ్తున్నామని రాసిచ్చే 'లామా' కాగితం మీద సంతకం పెట్టించి వెళ్లిపోయాడు. మళ్లీ కనబడలేదు. ఆనాటి నుంచి తల్లిదండ్రులతో వేరుగా, పిల్లవాడితో వేరుగా కూర్చున్నాకే ముగ్గురినీ కలిపేదాన్ని. ఆ పిల్లవాడి ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

మంచం దగ్గర పని అయ్యాక మెట్ల దగ్గరికి వెళ్లండి. అక్కడ నలుగురిలో ఒకడు ఇంటికి పోదామని మనసులో అనుకుంటూ పైకి చెప్పలేక ఉంటాడు. వాడిని గుర్తుపట్టి పక్కకు పిలిచి టీ ఇప్పించండి. గుంపుతో మాట్లాడితే గుంపు మాటే వస్తుంది.

రాజీ పంచాయితీలు మాత్రం చేయకండి. ఇరుపక్షాలనూ కూర్చోబెట్టి డబ్బు మాట్లాడటం, కేసు వాపసు తీయించడం మన పని కాదు. ఒక్కసారి చేస్తే మీరు ఒక పక్షం మనిషి అయిపోతారు.

5. కుట్లు విప్పే రోజు

డిశ్చార్జి తర్వాత ఈ పిల్లలు ఫోన్ ఎత్తరు. కానీ కుట్లు విప్పించుకోవడానికి రావాల్సిందే. ముఖం మీదివైతే దాదాపు ఐదు రోజులకు, తల మీదివి వారం పది రోజులకు, చేతులు కాళ్లవి పది పద్నాలుగు రోజులకు విప్పుతారు. ఆ తేదీని ఓపీ చీటీ మీద డాక్టర్ రాసే దగ్గరే మీ మనిషి పేరు, ఫోన్ నంబరు రాయించండి. ఆ రోజు క్యూలో నిలబెట్టకుండా మీరే తీసుకెళ్లండి. నేను చూసినంతలో అన్నిటికంటే బాగా పనిచేసిన చిన్న పని ఇదే.

ఆ రోజు కూర్చుని అవసరాల జాబితా రాయండి. చాలాసార్లు గొడవ వెనక ఉండేది పగ కాదు. హాజరు తగ్గి హాల్‌టికెట్ ఆగిపోవడం, బైక్ ఈఎంఐ కట్టలేకపోవడం, ఇంట్లో తాగే నాన్న, గంజాయి. ఒక్కొక్కదానికి ఒక్కో తలుపు ఉంది. ప్రిన్సిపాల్‌తో మాట్లాడటం మీ పని. మత్తు సమస్యకు 14446. నిద్ర పట్టక, ఉలిక్కిపడి లేస్తుంటే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, లేదా సైకియాట్రీ ఓపీ. ఉచిత న్యాయ సహాయానికి 15100. మహిళలకు, పిల్లలకు ఆదాయంతో సంబంధం లేకుండా లాయర్‌ని ఉచితంగా ఇస్తారు. పద్దెనిమిది లోపు పిల్లవాడిని లాకప్‌లో పెట్టకూడదని తల్లిదండ్రులకు ముందే చెప్పి ఉంచండి. ఆపదలో ఉన్న పిల్లలకు 1098.

నంబరు చేతికిచ్చి వదిలేస్తే ఫోన్ చేయరు. మీ ఫోన్ నుంచి, మీ ఎదుటే చేయించండి.

ఆరు నెలలు వెంట ఉండాలి. మొదటి నెల వారానికోసారి, ఆ తర్వాత పదిహేను రోజులకోసారి.

6. వీధిలో పని

ఆసుపత్రి మనిషి ఒక్కడే పరుగెడితే సరిపోదు. వీధిలో ఏం రగులుతుందో ముందే తెలియాలి. వార్డు సచివాలయంలో మహిళా సంరక్షణ కార్యదర్శి, ఏఎన్ఎం, ఆశా కార్యకర్త, జిమ్ వాళ్లు, టీ కొట్టువాళ్లు, వీళ్లకు తెలియంది ఉండదు. నెలకోసారి కలవండి, ఆసుపత్రిలో కాదు, వాళ్ల దగ్గరే.

క్యాలెండర్ పెట్టుకోండి. మే నెలలో గంగమ్మ జాతర చాటింపు వేసిన రోజు నుంచి ఊరంతా వీధుల్లోనే ఉంటుంది. వినాయక నిమజ్జనం ఊరేగింపుల్లో డీజే ముందు ఎవరి బ్యాచ్ నిలబడాలన్న దగ్గర మాట పెరుగుతుంది. పెద్ద హీరో సినిమా రిలీజు ముందురాత్రి ఫ్లెక్సీ ఎవరిది పైన అని గొడవ. ఇంటర్ ఫలితాలు, కాలేజీల్లో ఫ్రెషర్స్ రోజులు. వీటికి పది రోజుల ముందే ఇరుపక్షాల 'అన్న'లను విడివిడిగా కలవండి. ఫ్లెక్సీ చించినవాడి దగ్గరికి గుంపు వెళ్లేలోపు ఒక ఫోన్ వస్తే చాలు, సగం ఆగిపోతాయి. కాలేజీలో ర్యాగింగ్ అయితే యూజీసీ నంబరు 1800 180 5522 విద్యార్థులందరి దగ్గరా ఉండాలి.

ఉపన్యాసాలు పెట్టకండి. కుర్రాళ్లను వరుసగా కూర్చోబెట్టి నీతులు చెబితే చప్పట్లు కొట్టి వెళ్లిపోతారు. దానికంటే ఇరువీధుల వాళ్లనూ కలిపి రెండు టీములు చేసి వాలీబాల్ ఆడించడం మేలు. వీధికొక టీము చేస్తే మాత్రం కొత్త గొడవ తెచ్చుకున్నట్టే.

7. నాలుగు ప్రశ్నల రిజిస్టరు

బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో జొనాథన్ షెపర్డ్ అనే దవడల సర్జన్ ఒక విషయం గమనించారు. ఆసుపత్రికి వచ్చే కొట్లాట గాయాల్లో చాలావాటి సంగతి పోలీసులకు తెలియనే తెలియదు. అందుకని రిసెప్షన్‌లో ఎక్కడ, ఎప్పుడు, దేనితో కొట్టారని అడిగి, పేరు లేకుండా ఆ వివరాలను నగర పాలకులకూ పోలీసులకూ పంపారు. ఏ వీధిలో, ఏ బారు ముందు, ఏ గంటలో జరుగుతున్నాయో తెలిసి అక్కడ జాగ్రత్తలు పెట్టారు. 2011లో వచ్చిన అధ్యయనంలో, పోల్చిన ఇతర నగరాలకంటే అక్కడ హింస గాయాలతో ఆసుపత్రిలో చేరేవాళ్లు 42 శాతం తగ్గారని తేలింది.

మన దగ్గర ఎమ్మెల్సీ రిజిస్టరు ఉంది కానీ అది కోర్టు కోసం రాసేది. దాని పక్కన పేరు లేని వేరే పుస్తకం పెట్టండి: ఎక్కడ (ల్యాండ్‌మార్క్‌తో), ఏ గంటకు, దేనితో, ఎంతమంది కలిసి. నెలాఖరున ఐదుగురూ కూర్చుని చూడండి. సీసా గాయాలన్నీ ఒకే వైన్‌షాపు చుట్టూ ఉంటే ఎక్సైజ్ వాళ్లతో మాట్లాడాలి. లైటు లేని సందులోనే జరుగుతుంటే కార్పొరేషన్‌కు అర్జీ పెట్టాలి. మీ వార్డు పేరు 'చెడ్డ వార్డు' అని పేపర్లలో పడే పని మాత్రం చేయకండి. ఆ పేరు అక్కడి పిల్లల ఉద్యోగాలకు అడ్డు పడుతుంది.

మన ప్రాంతానికే ప్రత్యేకమైన ఒక లొసుగు ఉంది. చెయ్యి విరిగినవాడు కేసు భయంతో ఆసుపత్రికి రాకుండా నేరుగా పుత్తూరు కట్టుకు పోవచ్చు. ఆ లెక్క ఏ రిజిస్టరులోనూ పడదు. అక్కడి కట్టుకట్టే కుటుంబాలతో గౌరవంగా మాట్లాడండి. ఫిర్యాదు చేసేవాళ్లలా కాకుండా, "కొట్లాట దెబ్బతో కుర్రాడు వస్తే ఈ కార్డు ఇవ్వండయ్యా" అని అడగండి. వేలు తిమ్మిరెక్కినా, నల్లబడినా వెంటనే ఆసుపత్రికి పంపమనీ చెప్పండి.

8. డబ్బు, లెక్కలు

ఇద్దరి జీతం, ఒక ఫోన్, ప్రయాణ ఖర్చులు, ఆ రాత్రికి కావాల్సిన టీ, టిఫిన్. అంతకుమించి పెద్ద ఖర్చు లేదు. ఆసుపత్రి అభివృద్ధి సంఘం ముందు పెట్టండి. శ్రీసిటీ, రేణిగుంట వైపు కంపెనీల సీఎస్‌ఆర్ (సామాజిక బాధ్యత) నిధులు అడగండి. ఏడాదికి కాదు, కనీసం మూడేళ్లకు అడగండి. మధ్యలో ఆగిపోతే కుర్రాళ్లకు మళ్లీ ఎవరో వదిలేసి వెళ్లినట్టే అవుతుంది.

దాతలకు చూపించడానికి 'ఎంతమందికి కౌన్సెలింగ్ ఇచ్చాం' అన్న లెక్క చాలదు. ఆరు నెలల్లో మళ్లీ దెబ్బలతో ఎంతమంది వచ్చారు, కుట్లు విప్పించుకోవడానికి ఎంతమంది వచ్చారు, కాలేజీకో పనికో ఎంతమంది తిరిగి వెళ్లారు, ఇవి రాయండి. పక్కన ఇంకో గడి గీయండి: 'రాలేదు'. ఆ గడిలో పేరు పడిన కుర్రాడికి ఫోన్ చేసి ఊరుకోకండి. మూడో రోజు సాయంత్రం ఆరు తర్వాత, పనికి వెళ్లినవాళ్లు ఇంటికి చేరే వేళకు, వాళ్ల ఇంటికి వెళ్లండి. ఆసుపత్రి ఐడీ కార్డు మెడలో వేసుకోకండి. వీధిలో ఎవరన్నా అడిగితే కుట్లు ఎలా ఉన్నాయో చూసిపోదామని వచ్చానని చెప్పండి.